ఇల్లు కిరాయికిస్తున్నరా? ఓనర్లు ముందే చూసుకోవాల్సిన కాగితాలు, కట్టాల్సిన పన్నులు

నమస్తే. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి పట్టణాల్లో కింద తాముండి పై పోర్షన్ కిరాయికిచ్చేటోళ్ల కోసం ఈ వీడియో.

ముందు అగ్రిమెంటు సంగతి. అందరు 11 నెలలకే ఎందుకు రాసుకుంటరంటే, 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంల 17వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటిన లీజును తప్పకుండా రిజిస్టర్ చేయించాలె. కానీ మన రాష్ట్రంల 1999 సవరణ నుంచి, కాగితం మీద రాసుకున్న లీజు 11 నెలలదైనా సరే రిజిస్టర్ చేయించాల్సిందే. కొందరు 100 రూపాయల స్టాంపు కాగితం మీద మూడేండ్లకు రాసి, ఏటా ఇంత పెంచాలని షరతు పెట్టి, సంతకాలు చేసి బీరువాల పెడతరు. గొడవ కోర్టుకు పోయిననాడు ఆ గడువును, ఆ పెంపును రుజువు చేసుకునేటందుకు ఆ కాగితం పనికిరాదు. స్టాంపు డ్యూటీ తక్కువైతే, తక్కువైన సొమ్ముకు పది రెట్ల దాకా జరిమానా కూడా పడొచ్చు. ముఖ్యంగ మూడేండ్లకు ఇయ్యాలనుకుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి రిజిస్టర్ చేయించుకోండి, ఆ ఖర్చు దండుగ కాదు.

అగ్రిమెంట్ల ఇంటి నంబర్, ఏ పోర్షన్, కిరాయి ఎంత, ఏ తారీఖు లోపల కట్టాలె, అడ్వాన్స్ ఎంత అనేటివి ఉండాలె. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌ల నుంచి వేటికి పట్టుకుంటరో విడిగా రాయండి: కరెంట్ బాకీ, పెయింటింగ్, పగిలిన కిటికీ. తగాదాలు ఎక్కువ ఇక్కడనే అయితయి. కిరాయికొచ్చేటోళ్లు ఇంట్ల దిగే రోజు కరెంట్ మీటర్ రీడింగ్ కూడా అందులనే రాసి, ఫొటో తీసుకోండి. వాళ్ల ఆధార్ జిరాక్స్, ఫొటో తీసుకుని పోలీస్ స్టేషన్ల వివరాలు ఇయ్యండి. కిరాయి బ్యాంకు ద్వారానే తీసుకోండి. చేతికి తీసుకుంటే రసీదు ఇయ్యాలె.

ఇప్పుడు అసలు చిక్కు. గడువు అయిపోయింది, ఖాళీ చేస్తలేరు. తాళం మార్చొద్దు, కరెంట్ తీసెయ్యొద్దు, బోరు బంద్ పెట్టొద్దు. బలవంతంగ బయటికి పంపితే, వాళ్లు ఆరు నెలల లోపల కోర్టుకు పోయి స్వాధీనం తిరిగి తెచ్చుకోవచ్చు. అప్పుడు న్యాయం మీ దిక్కున్నా తప్పు మీదైతది.

నెలనెలా నడిచే కిరాయికి 1882 ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇయ్యాలె. అగ్రిమెంట్ల నోటీసు గడువు వేరే రాసుకుంటే అదే లెక్క. స్పీడ్ పోస్టుల పంపి రసీదు, అందినట్టు రుజువు దాచుకోండి. నోటీసు గడువు దాటినాక మామూలుగ కిరాయి తీసుకుంటే, నోటీసు వదులుకున్నరని అవతలి వకీలు వాదిస్తడు. అందుకే ఆ సొమ్ము తీసుకునే ముందే మీ వకీలును అడగండి. అప్పటికీ కదలకపోతే కోర్టుల దావా వేయాలె. కిరాయిల, ఖాళీ చేయించుడు తగాదాల కోసం 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఉందిగదా అంటరు. 2005 సవరణతోటి కార్పొరేషన్లల్ల నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 దాటిన కిరాయి ఇండ్లు దాని కిందికి రావు. కాబట్టి ఇప్పటి కిరాయిలకు చాలావరకు సివిల్ కోర్టే దిక్కు.

ఇన్‌కమ్ ట్యాక్స్. నెలకు 8,000 అంటే ఏడాదికి 96,000. మీరు కట్టిన ఇంటి పన్ను 4,000 అనుకోండి, అది పోను 92,000. దాంట్ల 30 శాతం, అంటే 27,600, రిపేర్లు చేయించినా చేయించకున్నా తగ్గిస్తరు. మిగిలిన 64,400 మీ ఆదాయంల కలుస్తది. కిరాయికున్నాయన ఉద్యోగి అయ్యి, ఏడాదికి లక్ష దాటి కిరాయి కట్టి, ఆఫీసుల హెచ్‌ఆర్‌ఏ (జీతంల వచ్చే ఇంటి కిరాయి భత్యం) మీద పన్ను మినహాయింపు అడుగుతుంటే మీ పాన్ నంబర్ ఇయ్యాల్సి వస్తది. అంటే ఆ కిరాయి లెక్క డిపార్ట్‌మెంటుకు తెలుస్తది, మీ రిటర్న్‌ల లేకపోతే నోటీసు రావొచ్చు.

కరెంట్ విషయంల పోర్షన్‌కో మీటర్ పెట్టించండి. తెలంగాణ సర్కారు గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా బిల్లు ఉండదు, కిరాయికున్నోళ్లకు కూడా వర్తిస్తది. ఒకటే మీటర్ మీద రెండు కుటుంబాలు కాలిస్తే ఎండాకాలం 200 దాటుడు ఖాయం. ఇంకోటి, ఇంటి మీటర్ మీద బ్యూటీ పార్లరో, టైలరింగ్ షాపో నడిపితే, 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద ఆ కేటగిరీ రేటుకు రెండింతలు వేస్తరు. మీటర్ మీ పేరు మీదుంటది, నోటీసు మీ పేరుకే వస్తది. ఇల్లు నివాసానికి మాత్రమే అని అగ్రిమెంట్ల ఒక్క వాక్యం తప్పకుండా రాయించండి.