సింక్ పౌడర్‌తో ఇంజన్ హెడ్ కడగొద్దు! కార్బన్‌ని ఇంట్లోనే తీసే పద్ధతి

అందరికీ నమస్తే. వెనకాల హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి. మనది బెంగళూరు కేఆర్ పురం, బాల్కనీ రోడ్డు వైపే ఉంటుంది. బల్ల మీద ఉన్నవి కార్బురేటర్ కాలం నాటి 100 సీసీ బండి హెడ్డు (ఇంజన్ పైభాగం), పిస్టను. మారతహళ్లి పీజీలో ఉండే ఒక తమ్ముడివి. "అన్నా, సింక్ పైపులో వేసే పౌడర్ కలిపి రాత్రంతా నానబెడితే మసి మొత్తం పోతుందట కదా?" అని అడిగాడు. మసి (అదే కార్బన్) సంగతి తర్వాత, హెడ్డే పోతుంది నాయనా! అలాంటి పౌడర్లలో ఎక్కువగా ఉండేది కాస్టిక్ సోడా. అది అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా మంట అంటుకునే హైడ్రోజన్ వదులుతుంది. ఓవెన్ క్లీనర్లలో చాలావాటిదీ ఇదే కథ. ఇక నిమ్మరసం, వెనిగర్ అంటారా, అవి తుప్పుకి పనికొస్తాయి గానీ కార్బన్‌ని కరిగించవు.

కడిగే తొందరలో ఉన్నవాళ్లు ముందు స్పార్క్ ప్లగ్గు చూడండి. మసి పోయాక ఆ సాక్ష్యం మళ్లీ దొరకదు. లేత గోధుమ రంగులో ఉంటే ఇంజన్ బాగానే మండుతున్నట్టు. పొడిగా, వేలికి అంటుకునే నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. ఇదిగో, ఈ తమ్ముడి ప్లగ్గులా నల్లగా, జిడ్డుగా ఉంటే మాత్రం ఇంజన్ ఆయిలే లోపలికొచ్చి మండుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వుల దగ్గర ఆయిల్ దిగకుండా ఆపే వాల్వ్ సీళ్లని, రేజ్ చేసినప్పుడల్లా వస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగులని అనుమానించాలి. అవి మార్చకుండా ఎంత రుద్దినా మసి మళ్లీ పేరుకుంటుంది.

మన ట్రాఫిక్ పాపం కూడా కొంత ఉంది లెండి. ప్లగ్గు కొన తన మసిని తానే కాల్చుకోవాలంటే సుమారు 450 డిగ్రీల వేడెక్కాలి. సిల్క్ బోర్డ్ దగ్గర ఫస్ట్ గేర్లో పాకే బండికి ఆ వేడి ఎక్కడిది?

సరే, పనిలోకి దిగుదాం. పెట్రోల్‌తో కడగొద్దు. దాని ఆవిరి నేల మీద పాకుతూ వెళ్లి పక్కింటి స్టవ్ దగ్గర అంటుకోగలదు. కిరోసిన్ ఇప్పుడు దొరకడమే గగనం, కాబట్టి డీజిల్. చేతికి గ్లౌజులు, కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా. రింగులు మెల్లగా తీసి, ఏది పైది, ఏది కిందది, ఏ ముఖం పైకి అన్నది ఫోన్లో ఫోటో తీసుకోండి. తర్వాత పిస్టన్‌ని డీజిల్లో రాత్రంతా వదిలేయండి. అడుగంటిన పాలగిన్నెని నానబెట్టినట్టే, తొందరపడితే గీతలే మిగులుతాయి.

ఇప్పుడు దగ్గరగా చూడండి. పాత ఏటీఎం కార్డు అంచుతో ఇలా వాలుగా నెడితే పెచ్చులుగా లేస్తోంది. మొండి చోట్ల వెదురు పుల్ల, ఇంకా రాకపోతే మెత్తటి ఇత్తడి బ్రష్. ఇనుప బ్రష్, స్క్రూడ్రైవర్, ఉప్పు కాగితం మాత్రం దూరం పెట్టండి. ఉప్పు కాగితం రవ్వ ఒక్కటి రింగు గాడిలో ఉండిపోయినా సిలిండర్‌ని గీసిపారేస్తుంది.

ఆఁ, మసి కింద అక్షరాలు తేలుతున్నాయి. 'ఐఎన్' అంటే ఈ వైపు ఇన్‌టేక్, అంటే గాలి-పెట్రోలు లోపలికొచ్చే వైపుకి రావాలి. దాని పక్కన... 0.25! అంటే ఈ ఇంజన్‌ని ఇంతకుముందే ఒకసారి బోరింగ్ చేయించి, అంటే సిలిండర్‌ని లోపల కాస్త పెద్దగా కోయించి, పావు మిల్లీమీటర్ పెద్ద పిస్టన్ వేశారన్నమాట. "ఇంజన్ ముట్టుకోలేదు" అని చెప్పి అమ్మారట తమ్ముడికి. బాగుంది.

రింగు గాడుల్లోకి విరిగిన పాత రింగు ముక్క సరిగ్గా సరిపోతుంది, కానీ లోహాన్ని చెక్కకుండా మసి వరకే లాగండి. హెడ్డులో వాల్వులు మూసి ఉండగానే పెట్రోలు మండే గది శుభ్రం చేయండి, సీటింగుకి గీత పడదు. గ్యాస్కెట్ (రెండు భాగాల మధ్య లీకు ఆపే పలక) కూర్చునే ముఖం జోలికి బ్లేడుతో వెళ్లొద్దు. అయ్యాక ప్లగ్గు బిగించి, హెడ్డు తిరగేసి, గదిలో కాస్త డీజిల్ పోసి పది నిమిషాలు ఆగండి. వాల్వుల వెనకుండే దారుల్లోకి (పోర్టుల్లోకి) కారితే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదు, అప్పుడు ల్యాపింగ్ (వాల్వుని దాని సీటింగు మీద అరగదీసి కుదర్చడం) చేయించాల్సిందే. మనదాంట్లో ఎగ్జాస్ట్ (పొగ బయటికెళ్లే) వైపు చెమ్మ కనిపిస్తోంది చూశారా?

గ్యాస్కెట్ మాత్రం కొత్తదే వేయాలి, జేసీ రోడ్డుకెళ్తే దొరుకుతుంది. టైమింగ్ చైన్ గుర్తులు, ట్యాపెట్ గ్యాప్ చూసుకోవడం రాకపోతే బిగింపు మెకానిక్‌కే వదిలేయండి. వాడిన డీజిల్ కాలవలో పోయకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే షాపుకి ఇచ్చేయండి.

2020 తర్వాతి బీఎస్6 బండ్ల వాళ్లు ఇవన్నీ విప్పకండి. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టి, ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఆ థ్రాటిల్ బాడీని తుడవండి, సెన్సార్ల మీద నేరుగా కొట్టొద్దు. ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే తీరు) తేడా వస్తే సర్వీస్ సెంటర్లో రీసెట్ చేయించుకోండి.