గండిపేట పార్కులో మాట్లాడిన మాటలు

వేదిక మీది పెద్దలకు, పొద్దున్నే నడకకు వచ్చి నాకు దొరికిపోయిన మీ అందరికీ నమస్కారం. పేర్లన్నీ చదివితే ఎండెక్కుతుంది, వదిలేస్తున్నాను.

పార్కు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బాగుంది, పిల్లలు ఆడుకుంటున్నారు. కానీ పార్కు వచ్చింది 2022లో, పక్కనున్న గండిపేట చెరువు (ఉస్మాన్ సాగర్) కట్ట 1920 నాటిది. నేను కట్ట గురించే మాట్లాడతాను.

1908 సెప్టెంబరులో హైదరాబాద్‌లో మూసీ నది పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారని చెప్తారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది, చూడనివాళ్లు వెళ్లి చూడండి. ఆ తర్వాతే ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. మూసీ మీద ఈ చెరువు, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ వచ్చాయి. వరద ఆపడానికి కట్టిన చెరువే నగరానికి మంచినీళ్లూ ఇచ్చింది.

మా నాయన నీళ్ల శాఖలో లైన్ మీద పనిచేసేవాడు. ఇక్కడి నుంచి ఆసిఫ్‌నగర్‌లో నీళ్లు వడకట్టే ఫిల్టర్ బెడ్ల దాకా మూసిన కాలువ. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, పల్లానికి పారడమే. సెలవుల్లో నన్నూ వెంట తీసుకెళ్లేవాడు. మూత ఎత్తితే చల్లటి గాలి మొహానికి కొట్టేది. టార్చి వేసి చూపించాడొకసారి: గోడ సందులోంచి మర్రి వేరు, పక్కనే నీళ్లు చిమ్ముతున్న సన్నటి పగులు. దాని గురించి అర్జీ పెట్టాడు. ఏళ్ల తరబడి పెడుతూనే ఉన్నాడు. రిటైరయ్యాడు గానీ జవాబు రాలేదు. ఇప్పుడు నాగార్జునసాగర్ నుంచి వందకు పైగా కిలోమీటర్లు కృష్ణా నీళ్లు తోడి తెచ్చుకుంటున్నాం!

టైమైందని చీటీ పంపారు. అయ్యా, అసలు విషయానికి ఇప్పుడే వచ్చాను.

1996లో 111 జీవో తెచ్చి, ఈ జంట చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 ఊళ్లలో, పరిశ్రమలు, పెద్ద కట్టడాలు వద్దన్నారు. 2022లో 69 జీవోతో ఆ పట్టు సడలించారు. పార్కు తెరిచిందీ ఆ ఏడే. అక్కడి రైతు బాధ నాకు తెలుసు, పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే ఆయనెందుకు ఊరుకోవాలి? నష్టపరిహారం అడగండి, నేనూ వస్తాను. కానీ కట్టడాల కోసం వాగులు పూడ్చేస్తే ఈ చెరువులోకి నీళ్లెక్కడివి? అప్పుడీ బెంచీల మీద కూర్చుని ఏం చూస్తారు?

ఈ ఆదివారం శంకర్‌పల్లి వైపు వెళ్దాం. ఏ వాగు ఎక్కడ మూసుకుపోయిందో నడిచి చూసి రాసుకుందాం. ఎవరెవరొస్తారు? ఈ చీటీ వెనకవైపు ఖాళీగానే ఉంది, పేర్లు రాసివ్వండి.