‘ఆసక్తి లేదు’ అని రాసే ముందు

వేదిక మీదున్న పెద్దలకు, మా వార్డు కార్పొరేటర్ గారికి, ముందు వరసలో ఫోన్లు చూసుకుంటున్న పీజీ పిల్లలకు, వెనక వరసలో నిద్ర ఆపుకుంటున్న నా తోటి రిటైర్డు టీచర్లకు నమస్కారం. సెప్టెంబరు 8, ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం వస్తే చాలు, మీకు నేను గుర్తొస్తాను. శాలువా కప్పి ఇరవై నిమిషాలు మాట్లాడమంటారు. సంతోషమే. ఈసారి ఇచ్చిన అంశం ‘వృద్ధుల వ్యాయామ కార్యక్రమాలు, పరిశోధక విద్యార్థుల శిక్షణ’. 32 స్లైడ్లు చేసుకొచ్చాను. అవి ఇప్పుడు వెయ్యను. పొద్దున ఆటోలో వస్తుంటే ఒకావిడ గుర్తొచ్చింది.

ఆవిడ సంగతి చెప్పేముందు మీతో ఒక పని చేయించాలి. చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోండి. నేను ‘ఊ’ అనగానే పూర్తిగా లేచి నిలబడి, మళ్లీ కూర్చోండి. 30 సెకన్లలో ఎన్నిసార్లో లెక్కపెట్టుకోండి. కార్పొరేటర్ గారూ, మీరూనూ. ఊ!

చాలు చాలు. ముందు వరసలో ఇద్దరు మోకాళ్ల మీద చేతులు వేసి లేచారు, చూశాను. చేతులు వాడితే మార్కు సున్నా. కాళ్ల బలం చూడడానికి 1999లో అమెరికాలో జోన్స్, రిక్లీ బృందం ప్రచురించిన పరీక్ష ఇది. చేతుల్లేని కుర్చీ, దాదాపు 43 సెంటీమీటర్ల ఎత్తు, గోడకు ఆనించి వెయ్యాలి. పుస్తకంలో ఒక్క వాక్యమే. నా దగ్గర చివరగా థీసిస్ చేసిన అమ్మాయి ఈ పరీక్ష పెట్టబోయిన కమ్యూనిటీ హాల్లో ఉన్నవన్నీ టెంట్ హౌస్ కుర్చీలు. టేపు పెట్టి కొలవమన్నాను. నాలుగు కుర్చీలకి నాలుగు ఎత్తులు! పైగా బరువైన మనిషి కూర్చుంటే ఆ ప్లాస్టిక్ కాళ్లు టైల్స్ మీద జారి విచ్చుకుంటాయి. ఆ రోజు ఒక్కరికీ పరీక్ష పెట్టలేదు. ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది, నేను ఇంటికి పొమ్మన్నాను.

వ్యాయామం పనిచేస్తుందా లేదా అన్నది ఎప్పుడో తేలిపోయింది. 1990లో ఫియాటరోన్ బృందం సగటున తొంభై ఏళ్లున్న పదిమంది చేత 8 వారాలు బరువులెత్తించింది. చివరిదాకా ఉన్న తొమ్మిదిమందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీ వాళ్లైతే కాళ్ల బలానికీ, పట్టు తప్పకుండా నిలబడడానికీ ఇళ్లకు వెళ్లి వ్యాయామాలు నేర్పి, ఫోన్లు చేసి కనుక్కుంటూ ఉంటే పడిపోవడాలు 35 శాతం తగ్గాయి. ఇళ్లకు వెళ్లి. మళ్లీ చెబుతున్నాను, ఇళ్లకు వెళ్లి. మనవాళ్లు దాన్నుంచి వ్యాయామాలు తీసుకున్నారు, వెళ్లడం వదిలేశారు.

ఇక ఆవిడ సంగతి. ఆ థీసిస్ అమ్మాయి అదే హాల్లో పెట్టిన వ్యాయామం క్లాసు సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం నాలుగింటికి, 12 వారాలు. అయిదో వారం వచ్చేసరికి ఆడవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. హాజరు పట్టీ తెచ్చి చూపించింది. కారణం గడిలో అందరికీ ‘ఆసక్తి లేదు’ అని రాసుంది.

“ఆసక్తి లేదని వాళ్లు చెప్పారా?”

“లేదు మేడం, రావట్లేదు కదా.”

వెళ్లి అడిగి రమ్మన్నాను. మొదటిసారి వెళ్తే “కాళ్లనొప్పులమ్మా” అని పంపేశారు. రెండోసారి టీ ఇచ్చి పంపేశారు. మూడోసారి ఒకావిడ అరుగు మీద చింతపండు గింజలు తీస్తుంటే ఈ పిల్ల కూడా పక్కన కూర్చుని తియ్యడం మొదలుపెట్టింది. అరగంట పోయాక ఆవిడ తల ఎత్తకుండానే అన్నదట: “లేచి కూర్చో, లేచి కూర్చో అంటావు. పదోసారికి చీర తడుస్తుంది. ఆ హాల్లో దొడ్డికి తలుపు లేదు. నీకెట్టా చెప్పేదే?”

క్లాసున్న రోజు మధ్యాహ్నం నుంచీ ఆవిడ మంచినీళ్లు ముట్టేది కాదు. ఎండాకాలంలో! పడిపోకుండా చూద్దామని మనం పిలిస్తే, ఆవిడ కళ్లు తిరిగేలా తయారై వస్తోంది. దగ్గినా, నవ్వినా, లేచినా మూత్రం జారడానికి చాలామందిలో కారణం కటి కండరాలు, అంటే మూత్రసంచిని కింది నుంచి పట్టి ఉంచే కండరాలు, వదులవడం. దానికీ వ్యాయామం ఉంది, మనకే వచ్చు. కానీ మన ఫారంలో ఆ ప్రశ్నే లేదు. మేం క్లాసు పొద్దున ఏడింటికి మార్చి, బాత్రూమున్న ఒక ఇంటి వరండాలో పెట్టాం. కటి కండరాల వ్యాయామం కూడా చేర్చాం. మానేసినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు, ఒకరిద్దరు తప్ప.

ఇప్పుడు నేను ఒప్పుకోవాల్సింది. ఆ పిల్ల ఇదంతా థీసిస్‌లో అరపేజీ రాసింది. థీసిస్ పరీక్షించడానికి వచ్చిన పెద్దమనిషి “ఇది విషయానికి సంబంధం లేదు, తీసేయండి” అన్నారు. తీసేసింది. గైడుని నేను, పక్కనే కూర్చున్నాను. నోరెత్తలేదు. రిటైరయ్యే ఏడాది గొడవెందుకులే అనుకున్నాను. ఆ థీసిస్ ఇప్పుడు మీ లైబ్రరీలోనే ఉంది, తీసి చూడండి. అందులో కారణాల దగ్గర ‘ఇతర కారణాలు’ అన్న రెండే మాటలుంటాయి. అంతెందుకు, చిన్నప్పుడు నా సొంత పరిశోధనలో ఎందరి పేర్ల పక్కనో ‘సహకరించలేదు’ అని రాశాను. వాళ్లకి ఏం ఇబ్బందో నేను అడగనే లేదు.

పిల్లలూ, ఆ గడి ఖాళీగా ఉంచండి, ఫరవాలేదు. తెలియకుండా మాత్రం నింపకండి. గైడులు కూడా ఒక్కసారైనా విద్యార్థి వెంట ఆ ఇళ్లకి వెళ్లండి, ఏసీ గదిలో కూర్చుని గ్రాఫులు దిద్దడం కాదు.

చిట్టీ పంపిస్తున్నారు, టైమ్ అయిపోయిందట. ఒక్క నిమిషం. కార్పొరేటర్ గారూ, మీరు ఎలాగూ వేదిక మీదే ఉన్నారు. ఆ హాలు మీ వార్డులోదే. క్రితం వారం వెళ్లి చూసి వచ్చాను, ఇప్పటికీ గోనెపట్టాయే వేలాడుతోంది. ఆ దొడ్డికి తలుపు ఎప్పుడు పెట్టిస్తారండీ?