బూడిద దిబ్బలో ఉలవ గింజ

వేదికపై ఉన్న పెద్దలకు, రైతు సోదరులకు, విద్యార్థులకు నమస్కారం. దక్షిణ భారతంలో తొలి వ్యవసాయం గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. అయితే వచ్చేదారిలో జేసీబీ సగం తోడేసిన ఒక బూడిద దిబ్బ కనిపించింది. నా మనసు అక్కడే ఆగిపోయింది కనుక, దాని గురించే మాట్లాడతాను.

ఆ దిబ్బలు రాక్షసుల ఎముకలు కాలిన బూడిద అని కొన్ని ఊళ్లలో చెప్పుకొంటారు. పందొమ్మిదో శతాబ్దంలోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ అది కాలిన పేడ అని గుర్తించారు. 1957లో పాలమూరు జిల్లా ఉట్నూరులో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్‌కు గుంజలు పాతిన గుంతల వరుసలు, బూడిద పొరల మధ్య పశువుల గిట్టల ముద్రలు దొరికాయి. దొడ్డిలో పేడ పేరుకోవడం, దానికి నిప్పు పెట్టడం, అదే చోట మళ్లీ దొడ్డి కట్టడం అనే క్రమం నాలుగు వేల ఏళ్లకు పైబడినది. ఎద్దు నిలిచిన ముద్ర ఇంతకాలం చెదరకుండా ఉందంటే, ఆలోచించండి!

మరి ఆ దొడ్లు కట్టిన కాలపు మనుషులు ఏం పండించారు? బళ్లారి సమీపంలోని సంగనకల్లు, కడప జిల్లాలోని పెద్దముడియం, హనుమంతరావుపేట వంటి చోట్ల సేకరించిన మట్టి జవాబు చెప్పింది. ఆ మట్టిని నీళ్లలో కలిపి తిప్పితే మన్ను అడుగుకు దిగుతుంది, మాడిన గింజలు తేలుతాయి. వాటిని సన్నని జల్లెడలో పట్టి, నీడన ఆరబెట్టి, భూతద్దం కింద చూస్తారు. నల్లగా బొగ్గైనా ఉలవ గింజ ఆకారం పెద్దగా మారదు. ఉలవలు, పెసలు, అండు కొర్రలు మన మెట్ట నేలల్లో నాటి ప్రధాన పంటలు. గోధుమ, బార్లీ బయటినుంచి తరువాత వచ్చాయి. మనం ఇవాళ కాచుకునే ఉలవచారు వెనుక అంత చరిత్ర ఉంది.

మళ్లీ దిబ్బ దగ్గరికే వస్తున్నాను, మన్నించండి. నా చిన్నతనంలో మా ఊరి దిబ్బను బండ్లకెత్తి చేలకు తోలారు. మా నాన్నగారూ రెండు బండ్లు తోలించారు. ఎరువుగా అది మంచిదే, ఆయన తప్పు లేదు, దాని విలువ చెప్పినవారే లేరు. కానీ బండిలో పడిన గింజ ఏ పొరలోదో, ఏ కాలానిదో ఇక ఎవరూ తేల్చలేరు.

రైతు సోదరులారా, మీ పొలంలో అలాంటి దిబ్బ ఉంటే దయచేసి తవ్వించకముందే పురావస్తు పరిశోధకులమైన మాకు కబురు చేయండి. ఇప్పటికే తవ్వివుంటే, నిలువుగా తెగిన ఆ గోడనైనా కూలనివ్వకండి. పొరలన్నీ అక్కడే వరుసగా కనిపిస్తాయి. ఏ పొర మట్టిని ఆ పొరదిగా సంచుల్లోకి ఎత్తుకోవడానికి మాకు రెండు రోజులు చాలు.