వీధి మూల దగ్గర మొదలుపెడదాం

అందరికీ నమస్కారం.

మహానగరాలు ఎంత డబ్బు పోసినా కొనలేనిది మధ్యస్థాయి నగరాలకు ఉచితంగానే దొరికింది. అది తక్కువ దూరం. బడి, ఆసుపత్రి, బజారు చాలామందికి రెండు మూడు కిలోమీటర్లలోనే ఉంటాయి. అయినా మహానగరాలను చూసి ముచ్చటపడి రోడ్లు వెడల్పు చేస్తాం. ఆ తర్వాత వాటిని దాటడానికి భయపడి, అర కిలోమీటరు దూరానికీ బండి తీస్తాం.

స్పెయిన్‌లోని పొంటెవెద్రా జనాభా సుమారు 83 వేలు. 1999 నుంచి అక్కడ నగర కేంద్రాన్ని నడిచేవాళ్లకు అప్పగిస్తూ వచ్చారు. ఎక్కడికి నడిచి వెళ్లడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూపుతూ, మెట్రో రైలు పటంలా ఒక పటం కూడా వేశారు. ఆ ఊళ్లో మెట్రో లేదు, ఆ అవసరమూ లేదు!

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ 1977లోనే నగర కేంద్రాన్ని నాలుగు భాగాలు చేసింది. కారులో ఒక భాగం నుంచి మరోదానికి వెళ్లాలంటే చుట్టు రోడ్డెక్కాలి. సైకిలుకు మాత్రం దారి నేరుగా ఉంటుంది. వ్యాపారులు వ్యతిరేకించినా నగరం వెనక్కి తగ్గలేదు.

అంత పెద్ద పని అందరూ చేయలేకపోవచ్చు. వీధి మూలను సరిచేయడం మాత్రం ఏ ఊరికైనా సాధ్యమే. మూల పెద్ద వంపుగా ఉంటే వాహనం బ్రేకు వేయకుండానే తిరుగుతుంది. ఎన్ని హెచ్చరిక బోర్డులు పెట్టినా డ్రైవరు పాదం వినేది ఆ వంపు మాటే. గంటకు 30 కిలోమీటర్లతో పోలిస్తే 50 దగ్గర తాకిడి శక్తి దాదాపు 2.8 రెట్లు.

ఒక లెక్క చూడండి. 14 మీటర్ల రోడ్డు దాటడానికి, సెకనుకు 1.2 మీటర్ల నడకను బట్టి సిగ్నల్ సుమారు 12 సెకన్లు ఇస్తుందనుకుందాం. సెకనుకు 0.8 మీటర్లు నడిచే వృద్ధురాలికి పదిహేడున్నర సెకన్లు కావాలి. అంటే పచ్చదీపం ఆరేసరికి ఆమె ఇంకా రోడ్డు మధ్యలోనే ఉంటుంది. మూల దగ్గర రెండువైపులా ఫుట్‌పాత్‌ను రెండేసి మీటర్లు ముందుకు తెస్తే దాటాల్సింది 10 మీటర్లే. అప్పుడు పన్నెండున్నర సెకన్లు చాలు.

దాటేవాళ్లు, డ్రైవర్లు ఒకరికొకరు కనిపించేలా మూలకు ఆనుకుని బండ్లు నిలపనివ్వకపోవడం ఇంకా చవకైన పని. న్యూజెర్సీలోని హోబోకెన్ ఈ పనిని పట్టుదలగా చేసింది. వేగ పరిమితి తగ్గింపు వంటి చర్యలూ తోడయ్యాయి. 2017 నుంచి ఏళ్ల తరబడి అక్కడ రోడ్డు ప్రమాద మరణమే నమోదు కాలేదు.

‘మరి బస్సు, అగ్నిమాపక వాహనం ఎలా తిరుగుతాయి?’ అని ఇంజనీర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బస్సులు మలుపు తిరిగే మూలలను కొంచెం విశాలంగా ఉంచాలి. మిగతా చోట్ల పెద్ద చక్రాలు ఎక్కి దిగేలా ఫుట్‌పాత్ అంచు ఎత్తు తగ్గించాలి. ముందు రంగు గీతలు, ప్లాస్టిక్ స్తంభాలతో కొన్ని నెలలు నడిపి చూసి, తిరగలేని చోట సరిదిద్దుకున్నాకే కాంక్రీటు పోయవచ్చు.