మణికట్టు విరిగిన రోజే కాగితం రాయించుకోండి

వేదిక మీదున్న కల్నల్ సార్‌కి, సైనిక సంక్షేమ ఆఫీసు నుంచి వచ్చిన సార్‌కి, అన్నలకి, తమ్ముళ్ళకి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకి నమస్కారం. మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి కరియప్ప గారు 1953లో జనవరి 14న రిటైరయ్యారు కాబట్టి ఆ రోజున వెటరన్స్ డే, అంటే మాజీ సైనికుల రోజు చేస్తారు, మనకేమో అది పండగ రోజుల్లో పడుతుంది, అరిసెల పని వదిలేసి వచ్చారు మీరంతా. కరియప్ప గారి గురించి మాట్లాడమన్నారు నన్ను. ఆయన గురించి కల్నల్ సార్ చెప్తారు, నేను మా బావ చెయ్యి గురించి చెప్తా.

మా బావ హవల్దార్‌గా చేశాడు. యూనిట్‌లో వాలీబాల్ మ్యాచ్ ఆడుతూ బ్లాక్‌కి ఎగిరి, కుడి అరచెయ్యి నేలకి ఆనించి పడ్డాడు. ఎంఐ రూమ్‌లో, అంటే యూనిట్‌లో ఉండే చిన్న వైద్యశాలలో, బెణుకన్నారు, క్రేప్ బ్యాండేజ్ కట్టి మాత్రలిచ్చి పంపారు. అది బెణుకు కాదండీ. మణికట్టులో బొటనవేలి వైపు స్కాఫాయిడ్ అని చిన్న ఎముక ఉంటుంది, దానికి రక్తం ఎక్కువగా ఒక వైపు నుంచే అందుతుంది, అందుకే విరిగితే ఓ పట్టాన అతకదు, పైగా మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు, పది పద్నాలుగు రోజులాగి మళ్ళీ తీయాలి. మళ్ళీ ఎవరూ తీయలేదు. ఏళ్ళ తరబడి అలాగే పీటీ, అలాగే డ్యూటీ, చివరికి కీలు అరిగిపోతే ప్లేటు వేసి బిగించేశారు.

ఇప్పుడా మణికట్టు పైకీ లేవదు, కిందకీ వంగదు. పప్పన్నం కలుపుకుంటాడు, ముద్ద చేస్తాడు, అది నోటి దాకా రావాలంటే మోచెయ్యి భుజమంత ఎత్తు లేపాలి, పక్కవాళ్ళకి తగులుతుందని పెళ్ళి భోజనాల్లో బంతి చివర కుర్చీ చూసుకుని కూర్చుంటాడు. తడి తువ్వాలు పిండలేడు, మా అక్క పిండుతుంది.

సర్వీసు నుంచి పంపేటప్పుడు డాక్టర్లు పరీక్ష చేసే రిలీజ్ మెడికల్ బోర్డులో ఏం రాశారో వినండి. వైకల్యం 20 శాతం, జీవితాంతం అని రాశారు. ఆ పక్క కాలమ్‌లో ఇది సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు అని రాశారు. ఆ ఒక్క లైను చాలు, డిసెబిలిటీ పెన్షన్ పోయింది. 20 శాతమైనా ఉండాలి, సర్వీసుతో సంబంధమూ ఉండాలి, రెండిట్లో ఒకటి లేకపోయినా రాదు. కారణం అడిగితే ఆట ఆడుతూ పడ్డాడు, డ్యూటీ కాదు అన్నారు. ఈ పెన్షన్ ఎవరికి వస్తుందో చెప్పే 1982 ఎంటైటిల్‌మెంట్ రూల్స్ తీసి చూడండి, యూనిట్ వాళ్ళు పెట్టిన ఆటలు, పర్మిషన్ ఇచ్చిన ఆటలు డ్యూటీ కిందే లెక్క! ఆడకపోతే ఊరుకుంటారా అసలు?

ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, చేర్చుకునేటప్పుడు ఒళ్ళంతా పరీక్ష చేసి బాగున్నాడని తీసుకున్నారు కదా, తర్వాత వచ్చినదానికి సర్వీసుతో సంబంధం లేదంటే ఎందుకు లేదో బోర్డే కారణం రాయాలి, జవాను నిరూపించుకోనక్కర్లేదు అంది. మా బావ మొదటి అప్పీలు పోయింది, రెండోదీ పోయింది. సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్ళాడు, మన రెండు రాష్ట్రాలకీ చెన్నై బెంచే. అక్కడ గెలిచాడు. 20 శాతాన్ని 50కి రౌండ్ చేశారు, 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన రామ్ అవతార్ తీర్పు ఇలా రౌండ్ చేయడం గురించే. నూటికి నూరు శాతం డిసెబిలిటీకి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు, 50కి రౌండ్ అయితే 15 శాతం వస్తుంది. కానీ బకాయిలు కేసు వేసిన రోజుకి ముందు మూడేళ్ళవే ఇచ్చారు, లేటుగా వెళ్తే అంతేనని 2008లోనే తర్సేమ్ సింగ్ తీర్పులో ఉంది. మిగతా ఏళ్ళ డబ్బు పోయినట్టే, అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇంకోటి, చాలామంది సదరం సర్టిఫికెట్ తెచ్చి ఇది చూపిస్తే మిలిటరీ వాళ్ళు ఇస్తారా అని నన్నడుగుతున్నారు. సదరం వేరండీ, కనీసం 40 శాతం ఉండాలన్న లెక్క దానిది. మిలిటరీకి మెడికల్ బోర్డు వేసిన శాతమే కావాలి, దాని కోసం ఆ క్యూలో నిలబడి అలిసిపోకండి. 2023 సెప్టెంబర్ 21 తర్వాత బయటికొచ్చినవాళ్ళకి కొత్త రూల్స్ వచ్చాయి, మా బావ కేసు చూసి మీదీ అంతే అనుకోవద్దు, ఆ రూల్స్ విడిగా చదివించుకోండి.

అమ్మా, మీకు కూడా చెప్తున్నా, డిశ్చార్జ్ బుక్, పీపీవో అనే పెన్షన్ ఆర్డరు కాగితం, మెడికల్ బోర్డు కాపీ, ఆస్పత్రి చీటీలు బీరువాలో చీరల కింద పెట్టి మర్చిపోకండి, ఒక ఫైల్లో పెట్టండి. మా అక్క దాచిన ఎంఐ రూమ్ చీటీయే, తేదీ, వాలీబాల్ అన్న మాట ఉన్న ఆ చిన్న ముక్కే ట్రిబ్యునల్లో పనికొచ్చింది.

లీవు మీదొచ్చిన తమ్ముళ్ళు వెనకాల నిలబడ్డారు, ముందుకి రండి. చెయ్యో కాలో దెబ్బ తగిలి, ఇంజురీ రిపోర్టు రాయించనివాళ్ళు ఉంటే లీవు అయిపోయి యూనిట్‌కి వెళ్ళగానే అడగండి, నోటితో కాదు, రాతపూర్వకంగా. నొప్పి తగ్గకపోతే ఎక్స్‌రే మళ్ళీ తీయమనండి. మెడికల్ బోర్డు కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ కాలమ్ చదవండి, హిందీలోనో ఇంగ్లీషులోనో ఉందని ఊరుకోవద్దు, చదివి చెప్పమని అడగండి. పాత కేసులవాళ్ళు భోజనాలయ్యాక నా దగ్గరికి రండి, కాగితాలు చూద్దాం.