ఇంటి గడియారం చూసి పెట్టుకునే లక్ష్యం

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చునే వేళ మీరంతా ఇక్కడికి వచ్చారు. ఆ సమయం విలువ తెలుసు కనుక నేరుగా విషయంలోకి వస్తాను.

సొంతంగా లక్ష్యాలు పెట్టుకోవడం గురించీ, ఇంట్లో రోజువారీ బతుకును ఇష్టంగా గడపడం గురించీ మాట్లాడమన్నారు. ఈ రెండూ ఒకదానికొకటి పడని సంగతులని చాలామంది అనుకుంటారు. లక్ష్యమంటే ఒళ్లు వంచడమనీ, సంతోషమంటే ఒళ్లు విరుచుకోవడమనీ. నేను అలా అనుకోను. రెండూ చెడేది ఒక్కచోటే. ఇంట్లో వాటికంటూ ఒక వేళా, ఒక చోటూ లేకపోవడం దగ్గర.

"రేపటినుంచి పొద్దున ఐదున్నరకు లేచి నడుస్తాను" అనుకున్న మనిషినే తీసుకోండి. మన హైదరాబాదు నగరంలో చాలా బస్తీల్లో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మీ వీధికి తెల్లవారుజామున వదిలారంటే ఆ రోజు ఐదున్నర మీది కాదు, సంపుది. మోటారు వేయాలి, తాగే నీళ్లు పట్టుకోవాలి, పైన ట్యాంకు నిండిందో లేదో చూడాలి. సోమవారం నడిచారు, మంగళవారం నీళ్లు. బుధవారం నడిచారు, గురువారం నీళ్లు. శుక్రవారం దుప్పటి తీయబుద్ధి కాలేదు. వారం తిరిగేసరికి "నాకు పట్టుదల లేదు" అని మీ మీద మీరే తీర్పు చెప్పుకుంటారు. పట్టుదలకు ఏ లోటూ లేదు. లెక్కలో నల్లాను కలుపుకోలేదు, అంతే.

సూర్యుణ్ని కూడా కలుపుకోవాలి. హైదరాబాదులో జనవరిలో పొద్దు పొడిచేది 6:45 దాటాక. జూన్‌లో 5:40 ప్రాంతంలోనే పొడుస్తుంది. జనవరి 1న మొదలుపెట్టిన ఐదున్నర నడక చీకట్లో, చలిలో, వీధికుక్కల మధ్య సాగాలి. జూన్‌లో అదే నడకకు వెలుగు తోడొస్తుంది.

కాబట్టి మొదటి పని లక్ష్యం రాసుకోవడం కాదు. ఒక వారంపాటు ఇంటి గడియారాన్ని రాసుకోండి. మామూలు నోటు పుస్తకం చాలు. పేజీకి మూడు గళ్లు గీయండి: ఎన్నింటికి, ఏ పని, మధ్యలో ఎవరు పిలిచారు. నిమిషం నిమిషం రాయాలని కూర్చుంటే రెండో రోజే విసుగొస్తుంది. రోజుకు నాలుగుసార్లు, టిఫిన్లయ్యాక, మధ్యాహ్నం భోజనమయ్యాక, దీపాలు పెట్టే వేళ, పడుకోబోయేముందు, అప్పటిదాకా జరిగింది రెండేసి నిమిషాల్లో రాసేయండి. ఏడు రోజులూ రాయాలి, ఎందుకంటే నీళ్ల రోజు వేరు, మామూలు రోజు వేరు, ఆదివారం పూర్తిగా వేరు. మూడో గడిని ఎవరూ పట్టించుకోరు గాని అసలు సమాచారం అందులోనే ఉంటుంది. పదకొండింటికి మీకు గంట ఖాళీ ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది. ఆ గంటలో కొరియర్ అబ్బాయి, గ్యాసు బండ, పక్కింటి తాళంచెవి, అత్తయ్యగారి మందులు అని నాలుగు పిలుపులుంటే అది ఖాళీ కాదు, కాపలా.

ఎనిమిదో రోజు ఎర్ర పెన్ను తీసుకుని, ఎవరూ పిలవని పదిహేను, ఇరవై నిమిషాల ముక్కలకు సున్నా చుట్టండి. అదే ముక్క వారంలో కనీసం నాలుగు రోజులు కనిపిస్తేనే దాన్ని నమ్మొచ్చు. బడి బస్సు వీధి మలుపు తిరిగాక ఒకటి దొరకొచ్చు. రాత్రి గిన్నెలు సింకులో పడ్డాక ఒకటి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వైపు మెట్రోలో వెళ్లేవాళ్లకు, కూర్చోవడానికి సీటు దొరికితే, ఒకటి.

ఏ ముక్కా దొరకలేదనుకోండి. ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడాలి. 2024లో మన దేశంలో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనికే పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. తేడా మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు. ఆ తేడా తగ్గని ఇంట్లో ఇల్లాలికి "మీకంటూ ఒక లక్ష్యం పెట్టుకోండి" అని చెప్పడం ఆమె నెత్తిన ఇంకో బిందె పెట్టడమే. ఆమె లక్ష్యం ఆమె ఒక్కదాని వ్యవహారం కాదు. ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

తేల్చుకునే పద్ధతి ఒకటుంది. పనిలో సాయం అడగొద్దు, పనినే మొత్తంగా అప్పగించండి. వారానికి రెండు రోజులు ఇడ్లీ ఆయన బాధ్యత అనుకుందాం. ప్లేట్లలో పిండి పోసి స్టౌ మీద పెట్టడం ఆ పనిలో చివరి పది నిమిషాలు మాత్రమే. మినప్పప్పు డబ్బా అడుగంటిందని ముందే చూసుకోవడం, గ్లాసు పప్పు నాలుగైదు గంటలు నానబెట్టడం, రెండు గ్లాసుల రవ్వ కడిగి పిండడం, రుబ్బడం, గిన్నెలో పొంగడానికి చోటు వదలడం, ఇవన్నీ అందులోవే. మే నెలలో ఆరేడు గంటలకే పిండి పులుస్తుంది, ఇంకా బయటే ఉంటే చెడుతుంది. డిసెంబరులో పన్నెండు గంటలైనా పొంగకపోవచ్చు. అప్పుడు గిన్నెను తువ్వాలు చుట్టి వెచ్చటి మూలన పెట్టాలని గుర్తుండాలి. ఈ గుర్తుపెట్టుకోవడమంతా కూడా చేతులు మారితేనే పని మారినట్టు. "పప్పు నానబోశారా?" అని ఆమె రోజూ అడగాల్సి వస్తే పని ఇంకా ఆమె దగ్గరే ఉంది. మొదటి మూడు వారాలు ఇడ్లీ గట్టిగా వస్తుంది. అప్పుడు వంటింట్లోకి వెళ్లకండి. ఇది నేను గట్టిగా చెబుతున్న మాట. ఆ మూడు వారాలు ఓపిక పట్టలేకనే చాలా ఇళ్లలో పని తిరిగి పాత చేతుల్లోకి వచ్చేస్తుంది.

సరే, ముక్క దొరికింది. ఇప్పుడు వాక్యం రాయాలి. "ఆరోగ్యం చూసుకోవాలి", "బాగా చదవాలి" అనేవి కోరికలు. వాటిలో ఎప్పుడు, ఎక్కడ అనేవి లేవు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన వ్యాసంలో వాక్యం ఎలా ఉండాలో చెప్పారు: ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తాను. సందర్భాన్ని ముందే పనికి ముడివేస్తే, ఆ క్షణంలో చేయాలా వద్దా అని మనసులో వాదన పెట్టుకునే అవసరం తగ్గుతుంది. మన ఇంటి మాటల్లో: "రాత్రి గిన్నెలు సింకులో పెట్టగానే చెప్పులేసుకుని డాబా మీద పదిహేను నిమిషాలు నడుస్తాను." ఇందులో గడియారం ముల్లు లేదు చూడండి. భోజనం ఎనిమిదికైనా, తొమ్మిదిన్నరకైనా గిన్నెలు సింకులో పడక తప్పదు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంటికి చేరే వేళ రోజుకో తీరుగా ఉండే ఊరిలో, గంటకు కట్టిన లక్ష్యం కంటే పనికి కట్టిన లక్ష్యమే నిలుస్తుంది.

నీళ్ల రోజుకు వేరే వాక్యం రాసుకోండి. "మోటారు వేసి, ట్యాంకు నిండేదాకా అక్కడే మెట్లమీద కూర్చుని పది పేజీలు చదువుతాను." రోజు విడిచి రోజు పది పేజీలైనా, 150 పేజీల పుస్తకం నెలలో పూర్తవుతుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలు అలమారలో కట్టలుగా ఉన్నవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూసుకోండి.

ప్రతి వాక్యం కింద ఇంకో చిన్న వాక్యం కూడా ఉండాలి. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా చేయగలిగిన కనీస రూపం. పది పేజీలకు కనీసం ఒక పేజీ. పదిహేను నిమిషాల నడకకు డాబా మీద ఒక్క చుట్టు. అది ఒంటికి పెద్దగా మేలు చేయకపోవచ్చు గాని, ఆ వేళను ఖాళీ చేయకుండా ఉంచుతుంది. లండన్‌లో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని 12 వారాలపాటు గమనించిన అధ్యయనం 2010లో అచ్చయింది. రోజూ ఒకే సందర్భంలో చేసే చిన్న పని ఆలోచించకుండా జరిగే అలవాటుగా మారడానికి పట్టిన సమయం, మధ్యస్థంగా చూస్తే 66 రోజులు. కొందరికి 18 రోజులు, కొందరికి, 12 వారాల తర్వాతి కాలాన్ని అంచనా వేసి లెక్కిస్తే, 254 దాకా. 21 రోజుల్లో అలవాటైపోతుందనే మాట ఎక్కడబడితే అక్కడ వినిపిస్తుంది. అది నమ్మి, ఇరవై రెండో రోజు బద్ధకించి, తన మీద తనకే నమ్మకం పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. అదే అధ్యయనంలో ఇంకో మంచి మాట ఉంది: ఒక్క రోజు తప్పితే అలవాటు కట్టుకోవడానికి చెప్పుకోదగ్గ నష్టం లేదు. తప్పిన మర్నాడు రెట్టింపు చేసి అప్పు తీర్చాలని మాత్రం చూడకండి. ముప్పై నిమిషాలంటే ఒళ్లు మొరాయిస్తుంది, మూడో రోజు కూడా పోతుంది.

ఆ 66 రోజులు ఎప్పుడు దొరుకుతాయో క్యాలెండర్ తెరిచి చూద్దాం. జనవరి 1న మొదలుపెడితే రెండు వారాలు తిరక్కుండానే సంక్రాంతి. సగం నగరం ఊరి దారి పడుతుంది. ఊళ్లో మీ డాబా లేదు, మీ సింకు లేదు, ముడివేసిన సందర్భమే లేదు. తిరిగొచ్చి మళ్లీ కుదురుకునేసరికి పరీక్షలు, ఆ వెంటనే మార్చి మధ్యలో ఒంటిపూట బడులు. ఇంటి గడియారమంతా తలకిందులు. బడి పిల్లలున్న ఇంటికి అసలైన కొత్త సంవత్సరం జూన్‌లో వస్తుందని నా నమ్మకం. బడులు తెరిచాక జూన్ 15న మొదలుపెడితే 66వ రోజు ఆగస్టు 19. నడుమ బోనాలు, శ్రావణ శుక్రవారాలు వస్తాయి గాని, బడి బస్సు వేళ మారదు, వంట వేళ మారదు. దసరా సెలవుల్లోపు అలవాటు వేళ్లూనుకోవడానికి చోటుంది. పిల్లలు లేని ఇళ్లకు, పదవీ విరమణ చేసినవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వాళ్లు నెల మొదట్లో ఏ సోమవారమైనా మొదలుపెట్టవచ్చు.

ఒక దఫాకు ఒక్కటే లక్ష్యం. నడక, ఇంగ్లీషు, పొదుపు, యోగా అన్నీ ఒకేసారి ఎత్తుకుంటే అన్నీ ఆ ఒక్క ఇరవై నిమిషాల కోసమే కొట్టుకుంటాయి.

మొట్టమొదటి లక్ష్యంగా ఏది పెట్టుకోవాలని అడిగితే తోటకూర అంటాను. నెలలోపే ఫలితం పళ్లెంలోకి వస్తుంది, రోజూ కంటికి కనిపిస్తుంది, ఇంట్లో పెద్దవాళ్ల నుంచి చిన్నపిల్లల దాకా అందరికీ అందులో పని ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున్న టబ్బు, అడుగున నాలుగైదు చిల్లులు. సగం ఎర్రమట్టి, పావు చివికిన పశువుల ఎరువు, పావు కొబ్బరి పొట్టు. తోటకూర గింజ ఆవగింజ కన్నా చిన్నది. చేత్తో చల్లితే ఒకచోటే గుంపుగా పడి, మొలకలు ఒకదాన్నొకటి నొక్కుకుని సన్నగా సాగి వాలిపోతాయి. అందుకే చెంచా గింజలకు పది చెంచాల పొడి ఇసుక కలిపి చల్లాలి. పైన మట్టి పలచగా, కనిపించీ కనిపించనంత. నీళ్లు ధారగా పోస్తే గింజలు ఓ మూలకు కొట్టుకుపోతాయి కాబట్టి చిలకరించాలి. మూడు నుంచి ఐదు రోజుల్లో మొలకలు. రోజుకు నాలుగైదు గంటల ఎండ తప్పనిసరి. జూలై ముసురులో టబ్బును వాన నేరుగా పడని చోటికి జరపండి. మొదలు నల్లబడి మొక్క పడిపోతే నీళ్లు ఎక్కువైనట్టు. ఆకులకు చిల్లులు పడితే అడుగువైపు తిప్పి చూడండి, పురుగుంటే చేత్తో తీసేయండి. 25, 30 రోజులకు కోతకొస్తుంది. వేళ్లతో పీకేయకుండా మట్టికి రెండంగుళాల పైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. పది రోజుల తేడాతో మూడు టబ్బులు వేసుకుంటే వారానికో పూట పప్పులోకి సరిపోతుంది. వాక్యం: "పొద్దున చాయ్ స్టౌ మీద పెట్టగానే టబ్బు చూసి వస్తాను."

ఇక ఇంటి సంతోషం సంగతి. ఏ సుఖానికైనా మనిషి త్వరగా అలవాటు పడిపోతాడని బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1971లోనే రాశారు. కొత్త సోఫా కొన్న నెలకే అది కూర్చునే వస్తువు మాత్రమే. మరి రోజూ ఉండే చిన్న సుఖాలు, సాయంత్రం చాయ్, డాబా మీద గాలి, రాత్రి అందరూ కలిసి తినడం, ఇవి ఎందుకు చప్పబడతాయి? వాటిలోకి వేరేది చొరబడుతుంది కనుక. చాయ్‌తోపాటు ఫోను, భోజనంతోపాటు టీవీ. నాలుక ఒకటి, కళ్లు ఇంకొకటి. చాయ్ తాగిన గుర్తు కూడా మిగలదు.

చేయాల్సింది తక్కువే. ఫోన్ చార్జరును మంచం పక్కనుంచీ, భోజనాల బల్ల దగ్గరనుంచీ తీసి తలుపు దగ్గరి ప్లగ్గుకు పెట్టండి. చాయ్ పూర్తయ్యే ఐదారు నిమిషాలు, భోజనం ఇరవై నిమిషాలు ఫోను అక్కడే ఉంటుంది. అత్యవసరమైన కాల్ వస్తే మోత వినిపిస్తుంది. మొదటి వారం చేతులు ఊరికే ఉండలేవు, మాటలు కూడా దొరకవు. బీరకాయలు వలిచే పళ్లెమో, చిక్కుళ్లు తుంచే పళ్లెమో మధ్యలో పెట్టుకోండి. చేతికి పని దొరికితే మాట దానంతటదే వస్తుంది.

ఒక హెచ్చరిక. లక్ష్యానికి క్యాలెండర్ మీద గుర్తులు పెట్టుకోండి గాని సంతోషానికి పెట్టకండి. "ఈ వారం ఐదు రోజులు కలిసి తిన్నాం" అని లెక్క మొదలైతే ఆరో రోజు పిల్లవాడు ఆలస్యంగా వచ్చినందుకు భోజనం దగ్గరే గొడవ. అలాగే చాయ్‌ని నడకకు బహుమానంగా చేయకండి. నడవని రోజు కూడా చాయ్ చాయే. దాన్ని మనసారా తాగే హక్కు మీకుంది.

ప్రశ్నలకు ఇరవై నిమిషాలున్నాయి. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర బల్లమీద తోటకూర గింజల పొట్లాలున్నాయి, ఇంటికొకటి తీసుకోండి. ఇసుక కలపడం మరిచిపోవద్దు. నీళ్ల వేళ ఎవరి వీధిలో ఎప్పుడో ముందు అది చెప్పండి, అక్కడినుంచే మొదలుపెడదాం.